కాళ్లు పట్టుకున్న ఆట

నమోదు 1

డాక్టర్ సుభాషిణి గారు రోజూ రాయమన్నారు. ఏం తిన్నాను, ఎంత ఎత్తాను, ఒళ్లు ఎలా ఉంది, ఈ మూడు ముక్కలు చాలన్నారు. మొదటి రోజే మూడు ముక్కలతో సరిపెట్టలేకపోతున్నాను. ఎందుకంటే ఈ రోజు నన్ను బండి గుద్దింది.

ముందు నా సంగతి. నా పేరు గుండేటి భూదేవి. చంద్రుడి మీద ఈ వెన్నెలపేటలో మంచు లారీ నడిపేదాన్ని. నడుపుతాను అని రాయాలని ఉంది, కానీ పోయిన ఏడు ఎముకల పరీక్షలో నా తుంటి ఎముక పలచబడిందని తేలింది. ఇక్కడ మనిషి బరువు భూమ్మీది బరువులో ఆరో వంతే. మోసే పని లేక ఎముకలు సోమరిపోతులైపోతాయట. పరీక్ష తప్పినవాళ్లు గుమ్మటం దాటి బయటికి వెళ్లకూడదు. ఈసారి కూడా తప్పితే ఇక జన్మలో వెళ్లకూడదు. ఏడాదిగా నేను నీళ్ల విభాగంలో కూర్చుని కుళాయిలు లెక్కపెడుతున్నాను. రోజుకోసారి నడవాలో ఉన్న కిటికీ దగ్గరికి వెళ్లి, నా లారీని ఇంకొకరు నడుపుతుంటే చూసి, వాళ్లకు నడపడం రాదని తిట్టుకుని వస్తుంటాను.

ఈ రోజు అలా చూస్తూ నిలబడ్డప్పుడే వెనక నుంచి కేకలు. నీళ్ల డబ్బాల బండి పట్టు తప్పి వాలు మీద దూసుకొచ్చేస్తోంది. అందరూ గోడలకు అతుక్కున్నారు. నేను వినలేదు. అది వచ్చి నా తుంటికి కొట్టుకుంది. డబ్బాలు గలగలలాడాయి, బండి రెండడుగులు వెనక్కి పోయి ఆగింది. నేను తిరిగి చూసి, “అయ్యో, ఎవలికన్న తాకిందా?” అని అడిగాను.

తెల్ల జుట్టు కత్తిరించుకున్న ఒక పొట్టి ముసలామె ముందుకొచ్చింది. మా ఊరి గోల్ఫ్ జట్టు కోచ్ పైడితల్లి. భూమ్మీద విజయనగరంలో బరువులెత్తి పతకాలు కొట్టిన మనిషి.

“ఒలే, అంత బండి గుద్దితే కదల్నేదేటే నువ్వు?” అంది.

“ఏమో అమ్మా, సోయి లేదు నాకు.”

“బరువెంత?”

“ఇక్కడి తూకంల పదహారు కిలోలు. భూమ్మీద అయితే తొంభై ఆరు.”

ఆమె గేదెను కొనడానికి వచ్చినట్టు నా చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి నా పాదాలు చూసింది. తుంటి మీద చరిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే.

“నీలాటిదాని కోసం ఎన్నేళ్లు సూసినానో తెలుసేటి” అంది.

తిన్నవి: సద్దరొట్టె, టమాటా పచ్చడి. ఎత్తినవి: ఏమీ లేదు. ఒళ్లు: తుంటి మీద వంకాయంత కమిలింది.

నమోదు 2

మా ఆయన కనకయ్య పడి పడి నవ్వాడు. “నువ్వు గోల్ఫ్ ఆడుతవా? నువ్వు చేతికర్ర పట్టుకున్నా తలుపుకు తాకిస్తవ్ గదనే!”

“నేను కాదు, నా తుంటి ఆడుతదట” అన్నాను.

అతను మరింత నవ్వి, తర్వాత ఆగి, “మరి బయటికి పంపుతరా?” అని అడిగాడు. అక్కడే నా గుండె కూడా ఆగింది. ఆటగాళ్లకు తాత్కాలిక అనుమతి ఇస్తారని, డాక్టరు గారు సంతకం పెడితే చాలని పైడితల్లి చెప్పింది. డాక్టరు గారూ, ఇది మీరు చదువుతారని తెలుసు. అందుకే ఇక్కడ కాస్త పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. దయచేసి.

నమోదు 3

పెట్టారు! సంతకం పెట్టారు! బయట ఆడుకోవచ్చు, అయితే ఎముకల కోసం కసరత్తు రోజూ చేయాలి, పరీక్ష మాత్రం హిమగిరి స్థావరం వాళ్లతో పోటీ అయిన మర్నాడే. డాక్టరు గారూ, మీ వేళ్లు చల్లగా ఉండాలి.

నమోదు 4

ఈ రోజు కసరత్తు హాలులో నా జోడీని చూశాను. విహారి. ఇక్కడే పుట్టిన పిల్లవాడు, ఇరవై నాలుగేళ్లు, తలుపు దాటాలంటే వంగాలి. చేతులు మోకాళ్ల దాకా ఉంటాయి. అతనికి పన్నెండేళ్లప్పుడే దేహాలను కొలిచే యంత్రం ‘గోల్ఫ్‌కు ఆదర్శ దేహం’ అని ముద్ర కొట్టిందట. అదే యంత్రంలో నన్నూ నిలబెట్టారు. చాలాసేపు గుర్రుమని, ‘పనికిరాదు’ అని చూపించి ఆరిపోయింది. మళ్లీ వెలిగించడానికి మెకానిక్కు రావలసి వచ్చింది.

విహారి నన్ను చూసి పైడితల్లి వైపు తిరిగాడు. “అమ్మా, ఈ ఆంటీతోనా? నా పాత జోడీ కాలు బెణికింది కానీ పోలేదు కదా.”

“ముందు కొట్టి సూపించు” అంది పైడితల్లి.

హాలు చివర బయటి మట్టి పోసిన పెద్ద గది ఉంది. విహారి బంతి ముందు నిలబడి కర్ర తిప్పాడు. అబ్బ! ఆ చేతులు గాలిలో గీసిన గీత చూస్తే నోరు తెరుచుకుంది. కానీ కర్ర ముందుకు వస్తుంటే కాళ్లు వెనక్కి జారాయి. నడుము ఒక వైపు, భుజాలు ఒక వైపు. బంతి ఎటో పోయింది. అతను మాత్రం బొంగరంలా రెండు చుట్లు తిరిగి, మెల్లగా, చాలా మెల్లగా, మట్టిలో వెల్లకిలా పడ్డాడు. ఇక్కడ పడడానికి కూడా టైము పడుతుంది. పడుతున్నంతసేపూ అతని ముఖం చూడగలిగాను. నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వకుండా ఉండాల్సింది.

“సూసినావా?” అంది పైడితల్లి నాతో. “దెబ్బలో బలం తగ్గదిక్కడ. నేలని పట్టుకునే బరువే తగ్గిపోద్ది. ఆడికి సేతులున్నాయి, కాళ్ల కింద నేల నేదు. నీకు నేలుంది.”

తర్వాత నన్ను కొట్టమంది. నేను కొట్టిన దెబ్బకు బంతి ముందు మట్టి మాత్రమే లేచింది. కానీ నా పాదాలు నిలబడ్డచోటే ఉన్నాయి. విహారి లేచి దుమ్ము దులుపుకుంటూ ఆ పాదాలనే చూస్తున్నాడు.

నమోదు 9

కసరత్తు గురించి రాయాలి కదా. రాస్తాను. ఏడ్పు వస్తోంది, అయినా రాస్తాను.

ఇక్కడ రాయి కూడా తేలికే. భూమ్మీద ఇరవై కిలోలు ఎత్తినంత కష్టం కావాలంటే ఇక్కడ నూట ఇరవై కిలోల నల్లరాయి ఎత్తాలి. అలాంటి బండల్ని కర్రకు రెండు వైపులా గుచ్చి, భుజాల మీద పెట్టి, కూర్చో లెయ్యి అంటుంది పైడితల్లి. కూర్చోవడం వచ్చింది. లేవడం నాలుగో రోజుకు వచ్చింది. తర్వాత నేల మీది బండను నడుముతో ఎత్తడం. తర్వాత తడి మట్టి సంచిని పిడికిట్లో పిసకడం, నీరంతా కారేదాకా. బయట స్పేస్ సూటులో గాలి బిగుసుకుని ఉంటుంది, వేలు ముడవాలన్నా యుద్ధమే. అందుకే పిడికిలి ముఖ్యమట.

“నాకు నలభై నాలుగేండ్లు అమ్మా!” అని అరిచాను.

“నాకరవై రెండు. కూకో, లెగు.”

తిన్నవి: కనిపించినవన్నీ. ఒళ్లు: నాది కాదు, ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టుంది.

నమోదు 14

బయటికి వెళ్లాను.

తలుపు తెరుచుకోగానే వెలుగు. నల్ల ఆకాశం కింద బూడిద రంగు మైదానం, అంచున కొండలు. ఏడాది తర్వాత నా బూటు మట్టిలో దిగింది. రేడియోలో పైడితల్లి ఏదో చెబుతోంది, ఒక్క మాట వినలేదు. గెంతాను. మళ్లీ గెంతాను. మూడోసారి గెంతేసరికి విహారి, “ఆంటీ, ఆడడానికి వచ్చాం” అన్నాడు.

“జర ఆగు పిలగా. ఇంకో రెండు గెంతులున్నయి.”

ఇక్కడి గోల్ఫ్‌లో గుంత ఉండదు, దుమ్ములో బంతి దొర్లదు కనుక. నేల మీద ఐదడుగుల ఎర్ర వలయం ఉంటుంది, బంతి వచ్చి అందులో పడాలి. జోడీలో ఒక దెబ్బ ఒకరిది, తర్వాతి దెబ్బ ఇంకొకరిది. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లు గెలిచినట్టు.

నా మొదటి దెబ్బ బంతి నెత్తిన తగిలింది. రెండోది తగిలినట్టు తగిలింది. ఆ నారింజరంగు చుక్క లేచి, లేచి, కొండల ఎత్తుకు లేచి, పడడమే మరిచిపోయినట్టు పోతూనే ఉంది. నేను అరుస్తున్నానని రేడియోలో పైడితల్లి ‘నా సెవులు పోనాయే!’ అన్నాక తెలిసింది. విహారి దూరం కొలిచి, “తొమ్మిది వందల మీటర్లు” అన్నాడు. కాసేపాగి, “మొదటి రోజే” అన్నాడు. ఇంకాసేపాగి, “అక్కా, కాళ్లు ఎలా పెట్టావో మళ్లీ చూపించు” అన్నాడు.

ఆంటీ పోయి అక్కను అయ్యాను. అది కూడా రాసుకోండి డాక్టరు గారూ.

నమోదు 21

ప్యాంటు జారుతోంది.

నమోదు 22

ఇది చిన్న విషయం కాదని ఈ రోజు తెలిసింది. తూకం పదిహేనుకు దిగింది. అంటే భూమ్మీది లెక్కలో ఆరు కిలోలు పోయాయి. డాక్టరు గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. “గుండెకు మంచిది భూదేవి గారూ, ఇలాగే కానివ్వండి!” అన్నారు. ఆ మాట పైడితల్లితో చెబితే ఆమె కుర్చీలో కూలబడింది.

“ఆరు కిలోలు! ఎక్కడ పారేసినావే?”

“నువ్వే గదా అమ్మా బండలు మోపిచ్చింది!”

“బలం పెంచమన్నాను గాని తుంటి పారీమన్నానా?”

బయట చూస్తే నిజంగానే పాదం జారింది. మొదటిసారి. దెబ్బ బలంగా ఉంది, ఎప్పటికన్నా బలంగా ఉంది. అందుకే జారింది. దెబ్బ పెరిగింది, దాన్ని మోసే బరువు తగ్గింది. అర చుట్టు తిరిగి ఆగాను. విహారి నవ్వలేదు. నేను అతన్ని చూసి నవ్విన రోజు గుర్తొచ్చి సిగ్గేసింది.

నమోదు 25

కనకయ్య తోటలో పని చేస్తాడు, సజ్జలు, పల్లీలు, బెల్లం తీసే దుంపలు అతని చేతి కిందే పండుతాయి. ఇంట్లో తన వాటాకు వచ్చేవన్నీ పొయ్యి మీదికెక్కించాడు. పొద్దున సర్వపిండి, మధ్యాహ్నం పప్పుగారెలు, సాయంత్రం నెయ్యి లేని మలీద ముద్దలు. నెయ్యి చంద్రుడి మీద ఎక్కడ దొరుకుతుంది?

“తిను” అంటాడు. “ఊరి పరువు నీ నడుము మీదుంది.”

“కడుపుల జాగ లేదయ్యా.”

“ఒక్క గారె. ఈ ఒక్కటి. ఇగ అడగ.”

అలా అడగనంటూ ఐదు పెట్టాడు. ఈ రోజు తూకం చూస్తే పద్నాలుగున్నర. తిన్నదంతా కండ అడుగుతోంది, కండ ఇంకా పని చేయమంటోంది. డాక్టరు గారు సంతోషిస్తారు, పైడితల్లి బెంగ పెట్టుకుంటుంది, నేను మధ్యలో ఆయాసపడుతున్నాను. పోటీ తొమ్మిది రోజుల్లో ఉంది.

నమోదు 26

ఈ రోజు మూడుసార్లు తిరిగి పడ్డాను. మూడోసారి పడ్డచోటే కూర్చున్నాను. విహారి వచ్చి పక్కన కూర్చున్నాడు. పైడితల్లికి కాక నాకు మాత్రమే వినపడేలా రేడియో తిప్పి మాట్లాడాడు.

“అక్కా, పన్నెండేళ్లుగా నాది ఆదర్శ దేహం అంటున్నారు. ఒక్క కప్పు గెలవలేదు. ఊరికి వచ్చిన చుట్టాలకు నన్ను చూపిస్తారు. ‘అదిగో, బొంగరం పిల్లవాడు’ అని. నువ్వు వచ్చిన రోజు ఎందుకంత కోపం వచ్చిందో తెలుసా? ఆ యంత్రం నిన్ను పనికిరావంది. అయినా నువ్వు నిలబడ్డావ్. అది తప్పు చెప్తే, నా గురించి కూడా తప్పే చెప్పుండాలి.”

అతని పొడుగాటి చేయి పట్టుకుని లేవబోయాను. లేస్తుంటే మడమలు మట్టిలో దిగాయి. తొడల బలంతో తొక్కితే ఇంకా దిగాయి. బండలు మోసిన తొడలు కదా. చీలమండ దాకా దిగబడిపోయాను. ఇద్దరం కిందికి చూశాం.

“అక్కా, అట్లాగే ఉండి కొట్టు” అన్నాడు విహారి.

కొట్టాను. కదల్లేదు.

పైడితల్లి రేడియోలో గట్టిగా కేకేసింది. “అదే! అదే! పోయిన బరువుతో పని నేదు, తొక్కండి!”

ఆ తర్వాత విహారి కూడా తొక్కడం మొదలెట్టాడు. అతనికి తొడలు లేవు, సగమే దిగాడు. ఒక చుట్టు మాత్రమే తిరిగాడు. అదే అతని జీవితంలో అతి తక్కువ. ఇద్దరం ఎగిరి ఎగిరి గంతులేశాం.

నమోదు 33

రేపే పోటీ. హిమగిరి స్థావరం వాళ్లతో. వాళ్ల జోడీ కవల అక్కచెల్లెళ్లు, మందాకిని, అలకనంద. లావు కాదు, సన్నం కాదు, పొడుగు కాదు, పొట్టి కాదు. ఏడేళ్లుగా కప్పు వాళ్ల దగ్గరే ఉంది. నిద్ర రావడం లేదు. కనకయ్య మాత్రం గుర్రు పెడుతున్నాడు, పొద్దున్నే గారెలు వేయాలని తొందరగా పడుకున్నాడు.

నమోదు 34

ఎడమ చేత్తో రాస్తున్నాను, ఎందుకో చివర చెబుతాను. అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటే మన్నించండి.

రెండు ఊళ్ల జనాన్ని తెచ్చిన బస్సులు మైదానం అంచున ఆగాయి. బస్సుల కిటికీల నిండా ముఖాలు. రేడియోలో అందరి కేకలూ ఒకేసారి. రిఫరీ చలపతి రావు గారు ప్రతి వలయం దగ్గరా ఓ ఉపన్యాసం ఇచ్చి గానీ ఆట మొదలెట్టనివ్వలేదు.

కవలలు యంత్రాల్లా ఆడారు. చిన్న దెబ్బ, సరైన దెబ్బ. మేం ఎలా ఆడామో చెప్పలేను. నేను తొక్కేదాన్ని, కొట్టేదాన్ని, బంతి మబ్బులు లేని ఆకాశంలో మబ్బులు వెతుక్కుంటూ పోయేది. విహారి తిరిగేవాడు, బంతి వలయం వైపే తిరిగేది. ఎలాగో! ఎనిమిదో వలయం ముగిసేసరికి రెండు జోడీలూ సమానం. మా ఊరి బస్సులోంచి పాటలు మొదలయ్యాయి. కనకయ్య గొంతు గుర్తుపట్టాను, తాళం తప్పేది ఆయనొక్కడే.

చివరి వలయం ఒక లోయ అవతల ఉంది. మొదటి దెబ్బ నాది. కొట్టాను, బాగా కొట్టాను, మరీ బాగా కొట్టాను. బంతి లోయ అంచున ఉన్న నున్నటి నల్లబండ మీద పడి, అక్కడే ఆగింది. కవలలు మూడు దెబ్బల్లో ముగించేశారు. మేం గెలవాలంటే విహారి కొట్టే ఈ రెండో దెబ్బ నేరుగా వలయంలో పడాలి. ఎనిమిది వందల మీటర్లు. బండ మీద తొక్కడానికి మట్టి లేదు.

విహారి బండ మీద నిలబడ్డాడు. కాళ్లు అప్పుడే జారుతున్నాయి. నా వైపు తిరిగాడు. హెల్మెట్ అద్దంలోంచి అతని ముఖం కనిపించింది. మొదటి రోజు పడుతున్నప్పుడు చూసిన ముఖమే.

“అక్కా, తిరిగిపోతాను. రెండు ఊళ్లూ చూస్తున్నాయ్.”

నేనేం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు. బండ మీద అతని వెనక కూర్చున్నాను. నా బూట్ల మడమలు బండ పగులులో ఇరికించి, రెండు చేతులతో అతని చీలమండలు పట్టుకున్నాను.

రేడియోలో చలపతి రావు గారు, “ఇదేమిటిది? ఒంటికి బరువు కట్టుకోకూడదని నిబంధన ఉంది!” అన్నారు.

“కట్టుకున్న బరువేటి కాదయ్యా, పట్టుకున్న మనిషి!” అని పైడితల్లి అరిచింది. “మీ పుస్తకంలో మనిషిని పట్టుకోకూడదని ఉంటే సూపించు!”

ఆయన పుస్తకం తిరగేయడం మొదలెట్టారు. ఈలోగా మీ గొంతు వినిపించింది డాక్టరు గారూ. “భూదేవి గారూ, వద్దు! ఆ దెబ్బ అంతా మీ మణికట్టు మీద పడుతుంది. రేపే పరీక్ష! విరిగితే ఇక ఎప్పటికీ…”

మిగతాది మీరు చెప్పలేదు. నాకు తెలుసు. లారీ, వెలుగు, మట్టి, గెంతులు, అన్నీ.

విహారి కూడా విన్నాడు. కర్ర దించేశాడు. “వదిలెయ్ అక్కా. ఒక కప్పు కోసం నీ బయటి బతుకంతా పోగొట్టుకుంటావా? పడితే నేను పడతా. నాకలవాటే.”

“నీకు అలవాటని ఎంతకాలం పడుతవ్?” అన్నాను. “నా చేతులు మట్టి సంచుల్ని పిండిన చేతులు. ఎముక సంగతి నాకు తెల్వదు, పట్టు సంగతి తెలుసు. కొట్టు పిలగా.”

కొట్టాడు.

అతని పాదాలు నా పిడికిళ్లలో అటూ ఇటూ పెనుగులాడాయి, చేపలు గిలగిల కొట్టుకున్నట్టు. నా భుజాలు ఊడిపోతాయనుకున్నాను. కుడి మణికట్టులో టక్కుమంది. వదల్లేదు. అతను తిరగలేదు. డాక్టరు గారూ, వినండి, అతను తిరగలేదు! పన్నెండేళ్లుగా యంత్రం పొగిడిన ఆ చేతులు మొదటిసారి దెబ్బను చివరిదాకా తీసుకెళ్లాయి. బంతి తిన్నగా, పొడుగ్గా, లోయ మీదుగా పోయింది. అంత తిన్నటి గీత నేనెప్పుడూ చూడలేదు. అది దిగడానికి ఎంతసేపు పట్టిందంటే, ఈలోగా పైడితల్లి ఇద్దరు దేవుళ్లను, ఒక అమ్మవారిని పిలిచింది.

దుమ్ము లేచింది. వలయం మధ్యలో.

మా ఊరి బస్సు ఊగిపోయింది. విహారి కింద కూర్చుని నా హెల్మెట్‌కు తన హెల్మెట్ ఆనించి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. హెల్మెట్‌లో కన్నీళ్లు తుడుచుకోలేం, ముక్కు చివర దాకా వచ్చి అక్కడే ఉండిపోతాయి. అది చూసి ఇద్దరం నవ్వాం.

అప్పుడు చలపతి రావు గారు పుస్తకం మూశారు. “నిషేధం అని లేదు. కానీ ఆటగాడు తన కాళ్ల మీద తానే నిలబడాలి అని ఉంది. రెండు దెబ్బలు జరిమానా.”

అంటే నాలుగు దెబ్బలు. ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాం.

నాకు వింతగా అనిపించింది, ఎందుకంటే బాధ వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు. నా పక్కనున్న పిల్లవాడి ముఖంలో ఓడినవాడి ఛాయలే లేవు. బంతి పోయిన గీత వైపే చూస్తున్నాడు ఇంకా.

కవలల్లో పెద్దామె మందాకిని మా దగ్గరికి వచ్చింది. అభినందించడానికేమో అనుకున్నాను. “ఏవండీ” అంది సిగ్గుపడుతూ. “ఏడేళ్ల నుంచి ఈ కప్పు గెలుస్తున్నామండి. అలా కొట్టడం ఒక్కసారి కూడా మావల్ల కాలేదండి. ఆ… నా కాళ్లు ఓసారి పట్టుకుంటారా?”

నా మణికట్టు నొప్పిగా ఉండి పట్టుకోలేకపోయాను. విహారి పట్టుకున్నాడు. అతను సరిపోలేదు, ఇద్దరూ కలిసి తిరిగి పడ్డారు, ఆమె పగలబడి నవ్వింది. అలకనంద వచ్చి విహారి కాళ్లు పట్టుకుంది. అప్పుడు బస్సుల తలుపులు తెరుచుకున్నాయి. సూట్లు ఉన్నవాళ్లందరూ దిగారు. లావుపాటివాళ్లు బండ మీద కూర్చున్నారు, సన్నటివాళ్లు నిలబడ్డారు, ఎవరికి ఎవరు సరిపోతారో వెతుక్కున్నారు. మా ఊరి బడి పంతులు గారిని హిమగిరి వంటావిడ పట్టుకుంది. బంతులు పండగ టపాసుల్లా నలువైపులా లేచాయి. చలపతి రావు గారు కాసేపు అలాగే నిలబడి, పుస్తకం బస్సులో పెట్టి వచ్చి, “ఎవరైనా నన్ను…” అన్నారు.

“రావయ్యా” అని పైడితల్లి ఆయన కాళ్లు పట్టుకుంది. అరవై రెండేళ్ల మనిషి! ఆయన కొట్టిన బంతి ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

ప్రాణవాయువు గంట మోగేదాకా ఎవరూ లోపలికి రాలేదు.

మణికట్టు బాగా వాచింది. అందుకే ఎడమ చేయి. రేపు పరీక్ష.

నమోదు 35

పొద్దున్నే మీ గదికి వచ్చాను. మీరు నన్ను తిట్టారు. చాలా తిట్టారు. తిడుతూనే చేయి పట్టుకుని యంత్రం కింద పెట్టారు, తర్వాత తుంటి, తర్వాత వెన్ను. తెర మీద తెల్లటి గీతలు వచ్చాయి. మీరు వాటిని ఒక్కొక్కటే వేలితో తడిమారు.

“టక్కుమన్నది ఎముక కాదు” అన్నారు చివరికి. “సూటు చేతి కడియం పైతొడుగు పగిలింది. కండరం బెణికింది, అంతే.” తర్వాత తెర నా వైపు తిప్పారు. “ఇది పోయిన ఏడు మీ తుంటి. ఇది ఇవ్వాళ్టిది.”

నాకు ఎముకలు చదవడం రాదు. కానీ రెండోది గట్టిగా, నిండుగా, తెల్లగా ఉంది.

“లారీ ఎప్పుడు కావాలి?” అన్నారు.

మీకు నేను ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. మీ బల్ల మీది నీళ్ల గ్లాసు పడేశానని మాత్రం గుర్తుంది. బయటికి వచ్చేసరికి నడవాలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. కనకయ్య చేతిలో టిఫిను డబ్బా. పైడితల్లి గోళ్లు కొరుకుతోంది. విహారి పైకప్పుకు తల ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఏడుపు మొహం పెట్టి ఏడిపిద్దామనుకున్నాను. రెండు క్షణాలు కూడా ఆగలేకపోయాను. పరుగెత్తాను. నడవాలో పరుగెత్తడం నిషేధం, ఎందుకో అప్పుడే తెలిసింది. పాదం నేలను వదిలింది, మళ్లీ దొరకలేదు. నా తల పైకప్పుకు తగిలింది, అక్కడి నుంచి నేరుగా ముగ్గురి మీదికి దిగాను. విహారి పొడుగాటి చేతులు చాచి నన్ను పట్టుకోబోయాడు. పట్టుకున్నాడు కూడా. నలుగురం కలిసి డబ్బాతో సహా వెనక్కి దొర్లుకుంటూ నీళ్ల విభాగం తలుపు దాకా పోయాం. గారెలు గాలిలో ఉన్నాయి ఇంకా.

కావలివాడు పరుగున వచ్చాడు. “ఏం జరిగింది? దెబ్బ తగిలిందా? ఎవరమ్మా ఈవిడ?”

కింద ఉన్న పైడితల్లి నా కింద నుంచి తల బయటికి పెట్టింది. ఊపిరాడడం లేదు ఆమెకు. అయినా మెల్లగా దిగుతున్న ఒక గారెను అందుకుని, కొరికి, నములుతూ చెప్పింది.

“మా ఆటగత్తె బాబూ. లెగనీకు, కాసేపలగే ఉండనీ.”